వంట నేర్చుకునే పిల్లల దగ్గర భోజనానికి వెళ్లేటప్పుడు

నాకు విజయవాడ సత్యనారాయణపురంలో నాలుగు మిషన్ల కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు, లంగాలు, బడి యూనిఫారాలు ఏడాది పొడుగునా ఉండే పని. ఆరేళ్ల కిందట ఊళ్లోని ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ నుంచి వంటవాళ్ల తెల్ల కోట్లు కుట్టే పని వచ్చింది. చూడటానికి సాదా కోటే, కుట్టేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. ముందు భాగం రెండు పొరలు, బొత్తాలు రెండు వరుసలు. కూర ఒలికి ఒక పక్క మరకైతే దాన్ని లోపలికి మడిచి, శుభ్రమైన పక్కను పైకి తెచ్చుకోవడానికి ఆ ఏర్పాటు. వేడి నూనె చిందినా ఒంటికి తగలకుండా గుడ్డ దళసరిగా ఉండాలి, చేతులు మణికట్టు దాకా రావాలి. మొదటి విడత 40 కోట్లు అప్పగించడానికి వెళ్లిన రోజున అక్కడి మాస్టారు ఒకరు, "ఈరోజు పిల్లల ప్రాక్టికల్స్ ఉన్నాయి మేడమ్, భోజనం చేసి వెళ్లండి" అన్నారు. మొహమాటపడుతూ కూర్చున్నాను. అప్పటి నుంచి పాతిక సార్లయినా వెళ్లి ఉంటాను. తెనాలి నుంచి మా అక్క వస్తే ఆవిడనూ తీసుకెళ్తాను. ఇరుగుపొరుగు వాళ్లు, దుకాణానికి వచ్చేవాళ్లు అదే పనిగా వివరాలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఆ భోజనశాల ఎందుకు ఉంటుందో తెలిస్తే మిగతాది సులువు. నోయిడాలో నేషనల్ కౌన్సిల్ ఫర్ హోటల్ మేనేజ్‌మెంట్ అండ్ కేటరింగ్ టెక్నాలజీ అని ఒక సంస్థ ఉంది, 1982లో పెట్టారు. హైదరాబాద్ విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, తిరుపతిలోని రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ దాని పాఠ్యక్రమాన్ని నడిపేవే. డిగ్రీ చదువు మూడేళ్లు. ప్రైవేటు కాలేజీలు వేరే విశ్వవిద్యాలయాల కింద ఉన్నా పాఠాల వరస ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మొదటి ఏడాది కూరగాయలు తరగడం, సాసులు, సూపులు, గుడ్డు వంటలు. రెండో ఏడాది పెద్ద గిన్నెల వంట: కాశ్మీరు, పంజాబు, రాజస్థాన్, బెంగాల్, గోవా, హైదరాబాద్, మన ఆంధ్ర, ఇలా ఒక్కో ప్రాంతపు భోజనం ఒక్కో రోజు. మూడో ఏడాది విదేశీ వంటలు. వండింది ఎవరో ఒకరు తినాలి కదా! ఒక జట్టు వండుతుంది, ఇంకో జట్టు వడ్డన నేర్చుకుంటుంది, బల్లల దగ్గర కూర్చున్న మనం ఆ రెండు పాఠాలకూ పనికొస్తాం. దాన్నే ట్రైనింగ్ రెస్టారెంట్ అంటారు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్నదేమీ కాదు. స్విట్జర్లాండులోని లొజాన్‌లో 1893లో మొదలైన హోటల్ స్కూలు ఉంది, ఆ పిల్లలు నడిపే రెస్టారెంటుకు మిషెలిన్ నక్షత్రం, అంటే గొప్ప రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. అమెరికాలో హైడ్ పార్క్ అనే ఊళ్లో ఉన్న వంటల కళాశాలకు ఒకటి కాదు, పలు రెస్టారెంట్లు ఉన్నాయి. మా అక్క కొడుకు లండన్‌లో ఉన్నప్పుడు విన్సెంట్ స్క్వేర్ దగ్గరి కాలేజీలో ఇలాంటి భోజనమే చేశాడు. తెల్ల దుప్పటి పరిచిన బల్ల, నాలుగు వరసల భోజనం, వడ్డించేవాడికి పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో అన్నట్టు ఉన్నాడట. నక్షత్రాలూ గట్రా మన దగ్గర వెతక్కండి. వేడి వేడి భోజనం, శుభ్రమైన బల్ల, గుండెలు చేత పట్టుకుని వడ్డించే పిల్లవాడు దొరుకుతారు.

సరే, వెళ్లే విధానం. కాలేజీ ఆఫీసుకు ఫోను చేయండి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే "బయటివాళ్లకు లేదమ్మా" అనేస్తాడు, అది ఆయన తప్పు కాదు. "ట్రైనింగ్ రెస్టారెంట్ చూసే మాస్టారితో మాట్లాడాలి" అని అడగండి. కొన్ని కాలేజీల్లో సిబ్బందికీ తల్లిదండ్రులకూ మాత్రమే పెడతారు, కొన్నిచోట్ల వారానికి రెండు మూడు రోజులు బయటివాళ్లను రానిస్తారు, కొన్నిచోట్ల ఏడాదికోసారి ఫుడ్ ఫెస్టివల్ పేరుతో తలుపులు తెరుస్తారు. మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: ఏ రోజుల్లో, ఆ రోజు ఏ ప్రాంతపు వంట, వండేది ఏ సంవత్సరం పిల్లలు. మూడో ప్రశ్న మరిచిపోకండి. మొదటి ఏడాది పిల్లల సూపు తాగి "ఇంతేనా" అని వచ్చేసినవాళ్లు మూడో ఏడాది పిల్లల వంట తినలేదు. పరీక్షల్లోనూ సెలవుల్లోనూ వంటే ఉండదు. రెండో ఏడాది పిల్లలు నాలుగైదు నెలలు పెద్ద హోటళ్లకు శిక్షణకు వెళ్తారు, ఆ సమయంలో రకాలు తగ్గుతాయి. నా మట్టుకు నేను టర్ము చివరి నెల ఎంచుకుంటాను. చేయి తిరిగి ఉంటుంది.

ఇద్దరో నలుగురో వెళ్లండి. ఒకసారి నా దుకాణం ఎదుటి ఇంటావిడ తన ఆడపడుచులను, వాళ్ల పిల్లలను, మొత్తం పదకొండు మందిని వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా వచ్చింది. వంటగదిలో లెక్క ప్రకారం వండుతారు, అదీ పాఠమే. ఆ రోజు వెనక బల్లలవాళ్లకు అన్నం ఉంది, కూర లేదు. పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

వేళకు వెళ్లడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. నేను వెళ్లేచోట 12:30కు వడ్డన మొదలవుతుంది. పొద్దున తొమ్మిదింటికే వంటగదిలోకి దిగిన పిల్లలు మధ్యాహ్నం రెండు తరవాత గిన్నెలు కడిగి, గది తుడిచి, ఇంకో తరగతికి వెళ్లాలి. మీరు ఒంటిగంటకు తీరిగ్గా బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వస్తే మీకు అందేది చల్లారిన సూపు. ధర సంగతి అడుగుతారని తెలుసు. కిందటి నెల మేం మనిషికి 180 రూపాయలు ఇచ్చాం. కాలేజీని బట్టి మారుతుంది, ఫోనులోనే అడగండి.

శాకాహారులకు ఒక మాట, కాస్త వివరంగా. "వెజ్" అని చెప్పేస్తే సరిపోదు. ఇక్కడ నేర్పే వంటల్లో ఫ్రెంచి పద్ధతివీ చాలా ఉంటాయి. కాన్సొమే అని ఒక సూపు ఉంది. గ్లాసులో పోస్తే అవతలి వైపు అక్షరాలు చదవగలిగేంత తేటగా, తేనె రంగులో ఉంటుంది. చూసి మిరియాల చారు తేట అనుకుంటారు. దాన్ని తేట చేసేది కోడిగుడ్డు తెల్లసొన. తెల్లసొనను కీమాతో కలిపి చల్లటి మాంసం రసంలో వేసి, సన్నని సెగ మీద కదపకుండా ఉంచితే అది తెట్టులా పైకి తేలుతుంది, మడ్డినంతా తనతో పట్టుకొస్తుంది. కింద మిగిలిన తేటను గుడ్డలో వడగడతారు. ఆ మల్‌మల్ గుడ్డ మీటర్ల లెక్కన నేనే పంపుతాను కాబట్టి అడిగి తెలుసుకున్నాను. మూస్, పుడ్డింగ్ లాంటి తీపి వంటల్లో జెలటిన్ ఉండవచ్చు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. క్యారమెల్ కస్టర్డ్ అంటే గుడ్డే. కూరగాయల సూపు కూడా కోడి ఎముకలు మరిగించిన నీళ్లతో చేసి ఉండవచ్చు. ముందు రోజే చెబితే విడిగా చేస్తారు. మా అక్క శనివారం ఒంటిపూట, ఉల్లి కూడా ముట్టదు. ఆవిడ శనివారాలు రాదు, నేనూ బలవంతపెట్టను. ఫ్రెంచి వంటవాడికి ఉల్లి లేకుండా చేయమని చెప్పడమంటే దర్జీకి దారం లేకుండా కుట్టమని చెప్పడమే.

ఏం కట్టుకోవాలి? పట్టుచీర వద్దు. చెబుతున్నది దర్జీ అని గుర్తుంచుకోండి. ఒకసారి మా అక్క కొత్త మంగళగిరి చీర, లేత నీలం, కట్టుకుని వచ్చింది. పప్పు వడ్డించే కుర్రాడి చేయి వణికి గరిటెడు పప్పు కుచ్చిళ్ల మీద పడింది. వాడు తెల్లబోయాడు. పరుగున వెళ్లి సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డ పట్టుకొచ్చాడు. "ఆగు బాబూ, సబ్బు వద్దు!" అని చేయి పట్టుకున్నాను. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, ఇక మనసు కూడా పాడవుతుంది. పప్పును చెంచా వెనక వైపుతో పైకి తీయించి, చల్లటి నీళ్లతో అద్దించాను. రుద్దనివ్వలేదు. ఇంటికెళ్లి ఉతికి రెండు రోజులు ఎండలో ఆరేస్తే పసుపు దానంతట అదే వెలిసిపోయింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ మాస్టారు నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి చూశారు తప్ప కలగజేసుకోలేదు. ఒలికిన తరవాత ఏం చేయాలో వాడే తేల్చుకోవాలి మరి. మా అక్క "ఫరవాలేదు నాయనా, ముందు పప్పు వడ్డించు, చల్లారిపోతోంది" అంది. రెండోసారి వాడి చేయి వణకలేదు.

బల్ల దగ్గర మనం చేసే మంచి పనులే వాళ్లకు ఇబ్బంది. వడ్డించేవాడికి అందేలా కంచం ఎత్తి పట్టుకోవడం మనకు అలవాటు. అక్కడ అలా చేయకండి. గిన్నెతో తెచ్చి చెంచా, ఫోర్కు ఒకే చేత్తో పట్టుకుని వడ్డించేది మన ఎడమ వైపు నుంచి వస్తుంది. పళ్లెంలో సర్ది తెచ్చేది కుడి వైపు నుంచి పెడతారు. నీళ్లు కుడి నుంచి పోస్తారు, ఖాళీ పళ్లెం కుడి నుంచి తీస్తారు. ఆ కుర్రాడు ఇదంతా మనసులో వల్లె వేసుకుంటూ వస్తాడు. మీరు కంచం ఎత్తితే వాడి లెక్క తప్పుతుంది. మీ పని కదలకుండా కూర్చోవడమే. ఇంకొకటి, "చాలు చాలు" అంటూ కంచం మీద చేయి అడ్డం పెట్టకండి. విస్తరి ముందు అది మర్యాదే కానీ ఇక్కడ మీ చేతి మీద పొగలు కక్కే గరిటె ఉంటుంది. నోటితో చెప్పండి.

ఫోర్కు ఎడమన, కత్తి కుడిన, సూపు చెంచా కత్తి పక్కన ఉంటాయి. బయటి వైపు నుంచి వాడుకుంటూ లోపలికి రావడమే. తెలియకపోతే అడగండి, చెప్పడం వాళ్లకు సరదా. తినడం ఆపి కత్తీ ఫోర్కూ దూరంగా పెడితే ఇంకా తింటున్నట్టు, పక్కపక్కన జోడించి పెడితే అయిపోయినట్టు. నేను మొదటిసారి మాటల్లో పడి జోడించి పెట్టాను. సగం తిన్న చేప మాయమైంది. వాడు పాఠం ప్రకారమే చేశాడు, తప్పు నాదే. ఆంధ్ర భోజనం రోజున చేత్తో తినండి, ఎవరూ ఏమీ అనుకోరు. గుత్తివంకాయను ఫోర్కుతో తినేవాళ్లను చూస్తే నాకే జాలేస్తుంది.

పదార్థాల పేర్లు ఫ్రెంచిలో ఉంటే వడ్డించే పిల్లను "ఇది ఏమిటమ్మా, ఎలా చేశారు?" అని అడగండి. అది కూడా వాళ్లకు పరీక్ష లాంటిదే. కానీ మాస్టారు వినేలా తికమక ప్రశ్నలు వేసి ఇరుకున పెట్టకండి. మెనూలో లేనివి అడగకండి. "కాస్త ఆవకాయ ఉందా" అని అడిగిన పెద్దమనిషిని నేను చూశాను. వాళ్లు పాపం కాలేజీ హాస్టల్ నుంచి తెచ్చి పెట్టారు!

వంటలో తప్పులు జరుగుతాయి. ఎదురుచూసి వెళ్లండి, అదీ ఒక వినోదం. కాశ్మీరు వంటల రోజున రోగన్‌జోష్ అనే మాంసం కూర చేశారు. పుస్తకంలో కారం కొలత గ్రాముల్లో ఉంది. పుస్తకం రాసినవాళ్ల మనసులో ఉన్నది కాశ్మీరీ మిరపకాయ, దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. స్టోరులో ఉన్నది గుంటూరు కారం. కొలత తప్పకుండా వేశారు, ఫలితం మీరే ఊహించుకోండి. పక్క బల్ల మీద ఉన్న ఉత్తరాది దంపతులు జగ్గు నీళ్లు ఖాళీ చేశారు. మా అక్క మాత్రం మారు అడిగింది. లోపలి నుంచి వచ్చిన కుర్రాడి కోటు చూశాను, కుడి పక్క మీద ఉండాల్సిన మడత ఎడమకు మారి ఉంది. అంటే లోపల ఏదో ఒలికింది, తిరగేసి తొడుక్కున్నాడు. మీరూ గమనించండి, వంటగదిలో ఏం జరిగిందో కోటే చెబుతుంది. ఆ మాట వాడితో అనకండి, అంతే.

ఆంధ్ర వంటల రోజున అసలు చిక్కు. ఆ రోజు మనం అందరం న్యాయాధిపతులమే. గోంగూర పప్పు పులుపు చాలలేదని, తెల్ల గోంగూర వేసి ఉంటారని, ఎర్ర గోంగూర అయితే ఇలా ఉండదని మా అక్క గట్టిగా వాదించింది. నిజమే కావచ్చు. కానీ వండిన అమ్మాయి ఒడిశా నుంచి వచ్చింది, ఆ ఆకును చూసి రెండు నెలలు కాలేదు. "మా అమ్మమ్మ చేసినట్టు లేదు" అనే విమర్శ వల్ల ఆ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. "పులుపు చాలలేదు, ఎర్ర కాడల గోంగూర అడిగి కొనండి" అంటే రేపటికి పనికొస్తుంది.

చివర్లో ఒక కార్డు ఇస్తారు. నిజానికి మనం కట్టే 180 రూపాయల కన్నా ఆ కార్డు విలువ ఎక్కువ. భోజనం తరవాత వండిన జట్టునూ వడ్డించిన జట్టునూ నిలబెట్టి మాస్టారు ఆ కార్డులు చదివి వినిపిస్తారు. మొదటి మూడు నాలుగు సార్లు నేను "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. పిల్లలను నొప్పించడం ఎందుకని. ఏప్రన్ల లెక్క తేల్చడానికి దుకాణానికి వచ్చినప్పుడు మాస్టారు నవ్వుతూ, "మీ కార్డులో చదవడానికి ఏమీ ఉండదు మేడమ్" అన్నారు. నాకు చురుక్కుమంది. ఎందుకంటే అలాంటివాళ్లతో నాకు రోజూ పనే. జాకెట్టు ట్రయల్‌కు వస్తారు, అద్దంలో చూసుకుంటారు, బాగుందంటారు, డబ్బులిచ్చి వెళ్తారు. చంక దగ్గర పట్టేసిందని ఇంటికెళ్లి చెప్పుకుంటారు, మళ్లీ రారు. ట్రయల్‌లోనే చెబితే ఒక కుట్టు విప్పి సరిచేసేదాన్ని కదా! బొత్తాల కాజాలు కుట్టడం నేర్చుకుంటున్న పిల్ల ఎక్కడ తప్పు చేసిందో కూడా దానికి తెలిసేది. ఆ భోజనం వాళ్లకు ట్రయల్ అని అప్పుడు తట్టింది.

కాబట్టి పదార్థం పేరు రాయండి, ఎక్కడ ఏం తేడా వచ్చిందో రాయండి. నేను ఈ మధ్య రాసినవి కొన్ని: "వంకాయ కాడ దగ్గర ఉడకలేదు, మసాలా బాగా పట్టింది." "అన్నం వచ్చిన ఆరు నిమిషాలకు పప్పు వచ్చింది." "సూపు రుచి బాగుంది కానీ పళ్లెం చల్లగా ఉండడంతో తొందరగా చల్లారింది." "మూడో బల్ల అమ్మాయి నీళ్లు అడగకముందే పోసింది, ఎవరో పేరు రాసుకోండి." మెచ్చుకోవడం కూడా ఇలాగే వివరంగా ఉండాలి. బిల్లు కడుతున్నాం కదా అని హోటల్లో సర్వరును కసిరినట్టు కసరకండి. తీవ్రమైన సంగతి, అంటే కోడిమాంసం లోపల పచ్చిగా ఉండడం లాంటిది, కార్డు దాకా ఆగకూడదు. మాస్టారిని పక్కకు పిలిచి వెంటనే చెప్పాలి, ఇంకో బల్లకు అదే వెళ్తుంటుంది. పిల్లలకు విడిగా డబ్బు చేతిలో పెట్టకండి, చాలాచోట్ల ఒప్పుకోరు. డబ్బా ఉంటే అందులో వేయండి.

వచ్చేటప్పుడు బేకరీ గది వైపు ఒకసారి తొంగి చూడండి. బేకరీ ప్రాక్టికల్స్ ఉన్న రోజున పిల్లలు చేసిన బ్రెడ్డు, బన్నులు అక్కడే బల్ల మీద పెట్టి అమ్ముతారు. ఆకారం వంకరగా ఉంటుంది, రుచికి వంక పెట్టలేం. సంచీ మీరే తీసుకెళ్లండి. మూడు దాటితే మిగిలేవి రస్కులే.